గోడకు ఆనించి చిలుకల ఇల్లు

మట్టెవాడలో ఆ రెండిళ్ల నడుమ ఒకటే గోడ. ఇవతల బస్సు కండక్టరుగా చేసి రిటైరైన యాకయ్య, అవతల ఒకప్పుడు జామకాయల బండి నడిపిన కట్టయ్య. ఇద్దరికీ మాట బందు. అంటే మాట్లాడుకోరని కాదు. మూడో మనిషిని ఎదుట నిలబెట్టుకొని, గోడకు వినపడేలా మాట్లాడతారు. ఆ పొద్దు ఆ మూడో మనిషి, చిలుకల ఇంటి కొలతలకు టేపు పట్టుకొచ్చిన వెల్డింగు ఇజాజ్.

"జరుగు ఇజాజ్, ఇంక జరుగు. గోడకు ఆనాలె."

"జానెడు ఇడిసిపెడ్త మామా. గోడకు ఆనిస్తె గాలి ఆడది."

"గాలి తర్వాత. ముందు సప్పుడు. సప్పుడు మొత్తం అవతలికి పోవాలె, ఇవతలికి రావొద్దు. గట్ల కట్టు."

"నేను వెల్డింగు చేస్త మామా, జాదూ చెయ్య. పిట్ట ఒర్రితె రెండు దిక్కుల ఇనపడ్తది."

"అయితె దాని మూతి అటు తిరిగేటట్టు కట్టు. కూసునే కట్టె సరిగ్గ వాని కిటికీకి ఎదురుంగ పెట్టు. ఏందుల్లా, గుసగుస మాట్లాడుతానవ్? గట్టిగ మాట్లాడు."

"కట్టయ్య కాక ఇంట్లనే ఉన్నడు మామా. కిటికీ తెరిచున్నది. ఇంటడు."

"ఇననీ! ఇనాలనే కదా నిన్ను పిలిపిచ్చింది. ఊకె కొలతలు తీసుకునేటందుకైతె నా కాడ టేపు లేదా?"

"ఇంతకు ఏమని ఒర్రాలె అవి?"

"'కట్టయ్య కాయల మందు.' గంతే. తెల్లారంగనే మొదలుపెట్టాలె. 'కట్టయ్య కాయల మందు, కట్టయ్య కాయల మందు' అని, బస్టాండుల మైకు లెక్క. రాత్రంత గోదాము కాపల కాసి అప్పుడే వచ్చి ఒరుగుతడు వాడు. వాని కన్ను మూతపడంగనే వీటి నోరు తెరుసుకోవాలె."

"గంత పగనా మామా?"

"పగ గాకుంటె మొక్కు అనుకున్నవా? పగనే. బిడ్డ లెక్క పెంచుకున్న పిట్టకు మందు పెట్టి సంపిండు. వానికి నిద్ర ఎందుకు?"

"మరి నీ నోటితోని నువ్వే అనరాదు? నడుమ పిట్టలెందుకు, నేనెందుకు, గీ ఇనుమంత ఎందుకు?"

"అనొద్దు. పెద్దమనుషులు కూసుండి ఇద్దరితోని ఒట్టు పెట్టిచ్చిండ్రు. ఒకని మొకం జూసి ఒకడు మాట అనొద్దు, అన్నోడు వాడకట్టుకు తప్పు కట్టాలె. ఒట్టు ఉన్నది నా మీద, వాని మీద. పిట్ట మీద ఏం ఒట్టున్నది? పిట్టకు పెద్దమనుషులు ఎవలు?"

"తోబా! ఇది కండక్టర్ తెలివి."

"మరేమనుకున్నవ్? ఏటూరునాగారం బస్సుల చిల్లర ఇయ్యకుండ ఇంతకాలం బతికిన మనిషిని. నాకు తెలివి ఎవలు నేర్పాలె?"

"ఏమయ్యో! పొద్దున లేస్తె గిదే ముచ్చటనా? ఆ ఇజాజ్ చాయ్ తాగుతడా, అడుగు."

"తాగుత అత్తమ్మా! జర చక్కెర తక్కువ."

"చూసినవా ఇజాజ్, నా పెండ్లాం! నీకు చాయ్ పెడ్తది, నాకు సతాయింపు పెడ్తది. రాజక్క నా దిక్కో వాని దిక్కో నాకు ఇప్పటిదాంక ఎర్కలేదు. ఫోన్ల ఎక్కిచ్చుకుంట, ఒక్కసారి 'కట్టయ్య కాయల మందు' అని అనవే అంటె, చీపురు అందుకున్నది."

"ఫోన్ల ఎందుకు?"

"పిట్టలకు నేర్పొద్దా? నేను అంటె ఒట్టు తప్పుతది. ఎవలన్న అంటె ఫోన్ల పట్టుకొని, పొద్దంత పిట్టల ముంగట పెడ్త. అవును గని, నీ గొంతు మంచిగుంటది. నువ్వు అనరాదు?"

"నేననా? పోవయ్యా మామా! బడికి పోయేటప్పుడు కట్టయ్య కాక బండి కాడ ఉప్పు కారం అద్దుకొని కాయ తిని పెరిగినోన్ని. నేనెట్లంట?"

"తిని బతికినవంటె నీ అదృష్టం. సరే, గది తర్వాత చూద్దాం. పిట్టలు ఇస్తనన్న మీ హైదరాబాద్ అక్క ఏమన్నది, ఎన్నేండ్లు బతుకుతయట?"

"మంచిగ చూసుకుంటె నలభై యాభై ఏండ్లు మామా. బూడిద రంగు ఆఫ్రికా చిలుకలు కదా. మెహ్జబీన్ అక్క కాడున్న జంట ఇంక పిల్లలే."

"శభాష్! నేను పోయినంక గూడ ఒర్రుతయ్. వాడు పోతె వాని కొడుకు ఇంటడు. వాని మనుమడు తొట్టెలల్ల పండుకొని ఇంటడు, జోలపాట గదే. అందుకే అడుగుతాన, చెప్పు: ఏంతోని కడ్తె అవి సావయ్?"

"అది మంచిగ అడిగినవ్. అక్క గూడ గదే అన్నది. ఇల్లు తాను జూసి సరే అంటెనే పిట్టలను ఇస్తదట, లేకుంటె హైదరాబాద్ దాటనియ్యదు. ఏం వాడాలె, ఏం వాడొద్దు అని రోజుకొక వాయిస్ మెసేజ్. చెవులు నొస్తానయ్ నాకు."

"కేసు గీసు కాదు కదా?"

"మన రామచిలుకలైతె పెంచొద్దు మామా, ఫారెస్టోళ్ళు పట్టుకుంటరు. ఇవి బయటి దేశంవి. కాయిదాలు అన్ని ఉన్నయి."

"రైటుగాన్ని తెచ్చినప్పుడు నాకు గా ముచ్చట తెల్వదు. ఎవలు చెప్పలే."

"రైటుగాడంటె, ఆ సచ్చిన పిట్టనా?"

"సచ్చిన పిట్ట అనకు, సంపిన పిట్ట అను! ఏటూరునాగారం అడివిల బస్సు అద్దానికి తాకి పడ్డది. అప్పుడప్పుడే ఎగురుడు నేర్చిన పిల్ల. టికెట్ల సంచిల ఏసుకొని తెచ్చిన. కొన్నొద్దులకు 'రైట్ రైట్' నేర్చింది. ఒకనాడు నేను బస్సు ఆపి చాయ్ తాగ దిగిన. ఇది లోపలి నుంచి 'రైట్ రైట్' అన్నది. నేనే అన్ననని డ్రైవరు బస్సు గుంజుకొని పోయిండు. ములుగు దాంక కండక్టరు లేకుండ పోయింది బస్సు. నడుమ ఎక్కినోళ్ళకు టికెట్లు ఎవలు చింపిచ్చిండ్రు అనుకున్నవ్?"

"పిట్టనా?"

"పిట్టనే. చిల్లర గూడ ఇయ్యలే, నా లెక్కనే."

"అబద్ధాలు జర తక్కువ ఆడు మామా."

"అబద్ధమా? చెకింగోళ్ళు ఎక్కితె వాళ్ళనే టికెట్ అడిగింది! సరే తియ్, పని ముచ్చట చెప్పు. కట్టె ఏంది? మా పాత దర్వాజలు ఉన్నయి, టేకువి. వాటిని సాపు చేసి వాడ్తవా?"

"రంగు ఏసినయా?"

"మా నాయిన కాలంల ఏసిన పచ్చ రంగు. ఇంక పోలే, గట్ల ఉండె అప్పటి సరుకు."

"గందుకే వద్దు. పాత రంగుల సీసం ఉంటది. చిలుక ఊకుంటదా? దానికి ఇల్లంటె పండుకునేది గాదు, తినేది. పొద్దంత కొరుకుడే పని. ఆ పెచ్చులు కడుపుల పడ్డయంటె ఖతం. రంగు లేని కట్టె కావాలె, చెదల మందు కొట్టనిది. ప్లైవుడ్డు గూడ వద్దు, లోపల బంక ఉంటది."

"అబ్బో. నా పెండ్లికి గూడ గిన్ని షరతులు పెట్టలే. పైన సిమెంటు రేకులు ఏద్దామా?"

"వాటి దుమ్ము మనుషులకే మంచిది గాదు, పిట్టలకెట్ల? సగం మీద పెంకులు కప్పుదాం, సగం ఎండ పడనిద్దాం. కింద షాబాద్ బండలు పరుద్దాం. ఒట్టి మట్టైతె ఎలుక బొక్క పెడ్తది, ఎలుక ఎనక పాము వస్తది."

"పాము వచ్చినా ఫికర్ లేదు, గోడ అవతల దానికంటె పెద్ద పామే ఉన్నది. ఇగో, ఈ గన్నేరు కొమ్మ లోపలికి వంగేటట్టు కట్టు, నీడ ఉంటది."

"కొట్టెయ్ మామా దాన్ని. గన్నేరు ఆకు, పువ్వు, బెరడు, అన్ని విషమే. ఒక్క ఆకు నమిలినా పిట్ట దక్కది."

"విషమా! కొట్టేసుడెందుకు, ఏర్లతోని పీకి వాని వాకిట్ల నాటుదాం."

"మామా!"

"ఇనపడాలని అన్న తియ్. అగో, దగ్గుతాండు. ఇంటాండు! మంచిగైంది. ఇంక గట్టిగ మాట్లాడు. తలుపు ఎట్ల?"

"రెండు తలుపులు, నడుమ మనిషి పట్టే జాగ. ఒకటి మూసినంకనే ఇంకోటి తెరవాలె, లేకుంటె తుర్రుమంటయ్."

"తుర్రుమంటె అవతలికే పోతయి, వాడు పిస్కి సంపుతడు. మూడు తలుపులు పెట్టు."

"రెండు చాలు మామా. ఇగ కూసునేదానికి జామ కొమ్మలైతె మంచియట, అక్క..."

"జామ పేరు ఎత్తకు!"

"కొమ్మ ముచ్చట మామా, కాయ గాదు."

"కొమ్మకే కదా కాయ కాసేది! నీకు మొత్తం చెప్త ఇను. ఈ గోడ మీద మోచేతులు పెట్టుకొని, పొద్దుమాపు ముచ్చట పెట్టెటోళ్ళం వాడు నేను. బండి మీదికెళ్ళి ఏరి ఏరి మంచి కాయ తెచ్చి రైటుగానికి పెట్టెటోడు. రైటుగాడు ఇంకేం, రోజూ తెల్లారంగ 'కట్టయ్యా లేరా, కట్టయ్యా లేరా' అని ఒర్రుడు."

"ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలో నేర్పిండ్రు, నీకెందుకు? ఒకనాడు వాడు గింతమంది ముంగట 'దీనికి మందు పెట్టి సంపుత ఒకనాడు' అన్నడు. నవ్వుకుంట అన్నడు. అన్నడా లేదా?"

"నవ్వుకుంట అన్నడంటె మామా..."

"నవ్వుకుంటనే పెట్టిండు! ఆ వారమే సచ్చింది రైటుగాడు. కడుపుల పడ్డ ఆఖరి ముద్ద వాని కాయనే. నేనూకుంటనా? సచ్చిన పిట్టను అరచేతులల్ల పెట్టుకొని సక్కగ వాని బండి కాడికి పోయిన. 'ఇగో, గీ కాయలు తినే నా పిట్ట సచ్చింది. మీ పిల్లలకు కొనుక్కపోతరా?' అన్న. నా గొంతు నీకు తెలుసు కదా, ఇంజిను సప్పుడును మించి అరిచిన గొంతు. సంచుల ఏసుకున్నోళ్ళు గూడ తిరిగి పారబోసిండ్రు. వారం తిరగకముందు వాని బండి మీద ఈగ వాలలే. బండి అమ్ముకున్నడు. ఇప్పుడు గోదాము ముంగట కట్టె పట్టుకొని కూసుంటాండు."

"అయితె తీరింది కదా మామా నీ పగ. ఇంక గీ చిలుకలెందుకు?"

"తీరలే! వాడు ఒక్కనాడన్న వచ్చి 'అవ్ యాకన్నా, నేనే పెట్టిన' అని అనలే. కిందికి జూసుకుంట పోతాండు, జూసుకుంట వస్తాండు. ఆ మాట వాని నోట్లెకెళ్ళి వచ్చేదాంక నేను ఇడువ. నేను సచ్చినా పిట్టలు ఇడువొద్దు."

"సరే, నీ పగ నీది. నా పని నాది. ఇగ చుట్టూ కట్టే తీగల జాలి ఒక్కటి తేలాలె."

"జాలి కొనుడెందుకు? ఇగో, అటక మీదికెళ్ళి దించి పెట్టిన. రైటుగాని ఇంటికి తెచ్చిన కట్ట. సగం మిగిలింది. చూడు, ఇప్పటికి అద్దం లెక్క మెరుస్తాంది."

"ఏది, ఇటియ్యి... ఇది వద్దు మామా."

"ఎందుకొద్దు?"

"ఇది జస్తు పూత జాలి, జింకు అంటరు కదా, గది. అక్క అన్నింటికన్న ముందు చెప్పింది గిదే. కొత్త జస్తు జాలి పిట్టలకు విషమట. నాకుతయ్, కొరుకుతయ్, పూత రేగి మెల్లమెల్లగ కడుపులకు పోతది. తుప్పు పట్టని స్టీలు జాలే ఏద్దాం."

"అహా! ఇప్పుడు తెలిసింది. మీ అక్క పిట్టలు అమ్ముతదా, స్టీలు అమ్ముతదా? నా రైటుగాడు గీ జాలిల దర్జాగ ఉండె."

"ఉండి?"

"ఉండి ఏంది? ఉండె."

"గీ జాలిలకు రాకముందు ఏడ ఉండె మామా?"

"ఇంట్లనే. వెదురు బుట్టల పండుకునేది, పొద్దంత నా భుజం మీద తిరిగేది. నేను నౌకరి దిగిపోయినంక చేతులకు పని లేదు. దానికొక పెద్ద ఇల్లు కడ్తామని నేనే కట్టిన, గీ చేతులతోని. లోపల బస్సు సీటు ముక్క గూడ పెట్టిన కూసునేటందుకు. కలెక్టరు వచ్చి చూసి, నాకు గూడ గిసొంటి బంగ్లా లేదు యాకయ్యా అన్నడు."

"కలెక్టరును ఇడిసిపెట్టు మామా. ఆ ఇంట్లకు పోయినంక ఎన్నొద్దులు ఉండె?"

"ఉండె... నెల ఉండెనో, లేదో. నీకెందుకుల్లా? గప్పటికే వాడు పని కానిచ్చిండు."

"సచ్చే ముందు ఎట్ల జేసింది?"

"అగో, గది అడుగు! గట్టిగ అడుగు, వాడు ఇనాలె, తాను చేసిన పని. ఇను! తిండి ముట్టుడు బందు చేసింది. నీళ్ళు, నీళ్ళు, ఒకటే నీళ్ళు. గిన్నె నింపుతాంటె ఖాళీ. రెట్ట పచ్చగ, నీళ్ళోలె. కాళ్ళు వణికి కట్టె పట్టుకోలేకపోయింది. 'రైట్' అనబోయి నోరు తెరిచింది, మాట రాలే. నా దిక్కే చూసుకుంట కింద పడ్డది. ఇన్నవా గోడా? నా దిక్కే చూసుకుంట!"

"మామా, అది తీగలు కొరుకుతుండెనా?"

"చిలుక కొరకకుంటె ఏం జేస్తది? పొద్దంత టింగ్ టింగ్ మని, సితారు వాయించినట్టు."

"ముక్కుకు తెల్లగ ఏమన్న అంటుతుండెనా?"

"ఏమంటది? ఏం లేదు."

"అంటేది కొడుకా. తెల్ల పొడి. నేనే కొంగుతోని తుడిసేదాన్ని. ఇగో నీ చాయ్."

"రాజక్కా, నిన్ను అడిగిండ్రా? అది పిండి."

"ఏ పిండి అయ్యా? పిట్టకు పిండి ఎవలు పెట్టిండ్రు? వాన పడ్డంక జాలి మీద సున్నం లెక్క తేలింది. నేను నీకు చూపిచ్చిన. 'మెరుగు దిగుతాందిలే' అన్నవ్."

"నువ్వు లోపలికి పో."

"మామా... అక్క చెప్పింది గిదే. అక్షరం మారలే. నీళ్ళు తాగుడు, పచ్చ రెట్ట, కాళ్ళు వణుకుడు. కొత్త జాలిల పెట్టిన కొన్నొద్దులకే..."

"మెల్లగ మాట్లాడు."

"ఆ?"

"మెల్లగ మాట్లాడుల్లా! నాకేమన్న చెవుడా?"

"ఇప్పటిదాంక గట్టిగ, గట్టిగ అన్నవ్ కదా."

"ఇప్పటిదాంక వేరు. ఇప్పుడు వేరు. మెల్లగ."

గోడ అవతల కిటికీ రెక్క కిర్రుమంది.

"ఇజాజ్ బేటా! ఎందుకు ఆపిండ్రు? జర గట్టిగ మాట్లాడుండ్రి, ఈడ ఇనపడ్తలేదు."

"కట్టయ్య కాకా! నువ్వు పండుకోలేదా?"

"పండుకుందామనే వచ్చిన బిడ్డా. నా పేరు పిట్టలకు నేర్పుతాండ్రంటె నిద్ర ఎట్ల పడ్తది? నీ ఎదురుంగ ఉన్నాయనను ఒకటి అడుగు. ఆ జాలి ఎవలు తెచ్చిండ్రు?"

"మామా, కాక అడుగుతాండు, ఆ జాలి..."

"ఇన్న. నేనే తెచ్చిన అను. అయితె ఏంది అను."

"కాకా, ఆయనే..."

"ఇన్న. కట్టింది ఎవలో అడుగు."

"చెప్పిన కదా ఇందాక, నేనే! ఇజాజ్, నేనే అని చెప్పు."

"జామకాయ నేను ఆనాడు ఒక్కనాడే ఇచ్చిన్నా అడుగు."

"మామా?"

"... రోజు ఇచ్చెటోడు అని చెప్పు."

"ఎన్నేండ్ల సంది ఇచ్చిన్నో అడగకు బిడ్డా, ఆయనకు తెలుసు. అన్నేండ్లు తిని బతికిన పిట్ట, ఆ జాలిలకు పోయినంకనే ఎందుకు సచ్చిందో, గది అడుగు."

"ఎండ దెబ్బ గొట్టి ఉంటది అను. గన్నేరు ఆకు నమిలిందేమో అను. ఇప్పుడే కదా నువ్వే అన్నవ్ విషమని. పిల్లి బెదిరిచ్చి ఉంటది. పశువుల దవాఖానల డాక్టర్ గూడ సరిగ్గ చూడలే..."

"ఇజాజ్, ఆయనకు ఇప్పుడు గిన్ని కారణాలు దొరికినయి. ఆనాడు నా బండి కాడ నిలబడ్డప్పుడు ఒక్కటే దొరికింది. ఎందుకట్ల అని అడుగు."

"నన్ను నడుమ నిలబెట్టి సంపకుండ్రి మీ ఇద్దరు. మామా, జర నువ్వే చెప్పు. నేను చాయ్ తాగుత."

"తాగు తాగు. మాట అందియ్యి అంటె చాయ్ తాగుతడట. కాకతోని చెప్పు ఇజాజ్... నేను అప్పుడు దుఃఖంల ఉన్న అని."

"దుఃఖం నాకు లేదా అడుగు. ఆ పిట్ట సచ్చిననాడు మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. సందుల గూడ నా మొకం చూడలే ఎవలు. పిల్లలు నన్ను జూసి, మందు తాత వస్తాండని ఉరికిండ్రు. ఒక్కడన్న నా కాయ కొరికి చూసిండా? ఒక్కడన్న ఆ జాలి దిక్కు చూసిండా? గది చెప్పు."

"ఇంకేం చూస్తానవయ్యా గోడ దిక్కు? కట్టయ్య పెండ్లాం శోభారాణి నన్ను జూస్తె మూల తిరిగి పోతాంది. నేను మొగుని మాట పట్టుకొని అక్కసొంటి మనిషితోని నోరు మూసుకున్న. పో, పోయి మాట్లాడు."

"ఒట్టు ఉన్నదే రాజక్కా నా మీద. మాట అనొద్దు."

"ఒట్టు తిట్టొద్దని. తప్పయిందనొద్దని ఏ పెద్దమనిషి అన్నడు? చిలుకలతోని తిట్టిపిచ్చేటందుకు సందు దొరికింది, గీ ఒక్క మాటకు సందు దొరకలేదా నీకు? లే!"

"లేస్తాన, లేస్తాన. ఇజాజ్, టేపు చుట్టు. పని బందు."

"గదేంది మామా?"

"పిట్టలు వద్దు, ఇల్లు వద్దు. మీ అక్కకు చెప్పు, ముసలోనికి మనసు లేదని. ఆ జాలి కట్ట నా కండ్ల ముంగట నుంచి తియ్యి. తియ్యి ముందు!"

"తీస్తాన. నువ్వు జర కూసో మామా."

"కూసునుడు కాదు. జరుగు... కట్టయ్యా. ఓ కట్టయ్యా. తమ్మీ, నేను, యాకన్నను. నీ కాయల ఏం లేకుండె. నేనే కట్టిన, నేనే సంపుకున్న, నేనే నీ బండి మీద పడ్డ. ఇంటానవా? తప్పు నాదిరా. ఒక్క మాట అను. తిట్టు, తిట్టినా సరే. ఏమన్న అను కట్టయ్యా."

"ఇజాజ్ బేటా, గోడ అవతల ఎవలో నా పేరు పెట్టి పిలుస్తాండ్రు. మాట బందున్నోళ్ళ గొంతు నాకు ఇనపడదని చెప్పు. నువ్వు మాత్రం టేపు చుట్టకు. గోడకు ఆనిచ్చే కట్టు, స్టీలు జాలే కట్టు, మంచిగ బతకాలె అవి. ఇప్పుడు గోడ కాడ నిలబడి 'తప్పు నాది' అని ఏదైతె అన్నడో, గదే పిట్టలకు నేర్పుకోమను. వాడకట్టంత నిద్ర లేసేటట్టు అవి ఒర్రిననాడు, నేను గూడ ఇన్నట్టు."